షోగి నేర్చుకోవాలంటే ఏ బుక్, ఏ యాప్? హైదరాబాద్‌లో కూర్చుని జపాన్ చదరంగం నేర్చుకునేవాళ్లకు స్టడీ గైడ్

నరుటో చూసినవాళ్లకు షికామారు గుర్తుండే ఉంటాడు. అసుమా సెన్సేతో కూర్చుని, చెక్క బోర్డు మీద ఐదు మూలల పావులు జరుపుతూ ఉంటాడు కదా, ఆ ఆట పేరే షోగి. మన చెస్‌కి జపాన్ కజిన్ అన్నమాట.

నేను హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. రెండేళ్ల నుంచి షోగి ఆడుతున్నాను. ఈ సంగతి తెలిసిన దగ్గర నుంచి మా టీమ్‌లో వాళ్లు అడిగేది ఒకటే: "బ్రో, మంచి పీడీఎఫ్ ఏదైనా ఉంటే పంపు." పీడీఎఫ్ పంపడం నిమిషం పని. కానీ ఏది ముందు చదవాలి, ఏది తర్వాత చదవాలి, ఏది అసలు కొనకూడదు అనేది తెలియకపోతే ఫోన్‌లో స్టోరేజ్ నిండుతుంది తప్ప ఆట రాదు. అందుకే ఈ సైట్‌లో ఫోన్లకి బయింగ్ గైడ్ రాసినట్టే, ఈసారి షోగి మెటీరియల్‌కి ఒక బయింగ్ గైడ్ రాస్తున్నాను.

మెటీరియల్ ఎందుకంత ముఖ్యం?

చెస్ నేర్చుకోవాలంటే మన దగ్గర లోటు లేదు. కోనేరు హంపి 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యింది. ఆమెకు కోచ్ ఇంట్లోనే ఉన్నారు, నాన్న కోనేరు అశోక్. గుంటూరు నుంచి పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక వచ్చారు. వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబర్‌లో 2800 రేటింగ్ దాటాడు. ఇండియాలో ఆనంద్ తర్వాత ఆ మార్క్ దాటింది అతనే. హారిక, అర్జున్ ఇద్దరూ హైదరాబాద్‌లో ఎన్.వి.ఎస్. రామరాజు గారి దగ్గర శిక్షణ తీసుకున్నవాళ్లే. 2002లో ఫిడె వరల్డ్ కప్ కూడా హైదరాబాద్‌లోనే జరిగింది, ఆనంద్ గెలిచాడు. అంటే చెస్‌లో మీరు తప్పు పుస్తకం కొన్నా సరిచేయడానికి కోచ్ ఉంటాడు, అకాడమీ ఉంటుంది, లేదంటే కనీసం పక్క ఫ్లాట్‌లో ఆడే అంకుల్ ఉంటాడు.

షోగికి అలా కాదు. మా ఆఫీస్ ఫ్లోర్‌లో ఆడేవాళ్లు లేరు, మా అపార్ట్‌మెంట్‌లో లేరు. ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల బజార్‌లో నాకు పాత చెస్ పుస్తకాలు బోలెడు దొరికాయి కానీ షోగి పుస్తకం ఒక్కటీ కనిపించలేదు. కాబట్టి మీరు ఎంచుకునే మెటీరియలే మీ కోచ్. అది తప్పుదారి పట్టిస్తే "అలా కాదు బాబూ" అని చెప్పేవాళ్లు ఉండరు.

మరి కోచ్ లేకుండా అసలు సాధ్యమేనా? సాధ్యమే. పోలండ్‌కి చెందిన కరోలినా స్టిచిన్స్కాకి ఈ ఆట పరిచయం అయ్యింది నరుటో మాంగా వల్లే. చుట్టుపక్కల ఆడేవాళ్లు లేక ఇంటర్నెట్‌లో నేర్చుకుంది. తర్వాత జపాన్ వెళ్లి, 2017లో జపాన్ వాళ్లు కానివాళ్లలో మొదటి మహిళా ప్రొఫెషనల్ అయ్యింది. మనం ప్రొఫెషనల్ అవ్వాల్సిన పని లేదు. కానీ దారి ఉందని మాత్రం ఆమె చూపించింది.

ముందుగా స్పెక్స్

బోర్డు 9 బై 9, మొత్తం 81 గడులు. ఒక్కొక్కరికి 20 పావులు: ఒక రాజు, ఒక రూక్, ఒక బిషప్, రెండు గోల్డ్, రెండు సిల్వర్, రెండు గుర్రాలు, రెండు లాన్స్‌లు, తొమ్మిది బంట్లు. రెండు పక్షాల పావులూ ఒకే రంగులో ఉంటాయి. మొన ఎటువైపు ఉందో చూసి ఎవరిదో గుర్తుపట్టాలి.

రంగు ఎందుకు ఒకటే? ఎందుకంటే షోగిలో చంపిన పావు చావదు, పార్టీ మారుతుంది. మీరు పట్టుకున్న పావు మీ చేతిలోకి వస్తుంది. తర్వాత ఎత్తు వేయాల్సిన చోట, దాన్ని మీ పావుగా ఖాళీ గడిలో దించొచ్చు. దీన్నే డ్రాప్ అంటారు. చెస్‌లో ఆట ముందుకెళ్లే కొద్దీ బోర్డు ఖాళీ అవుతుంది, ఇక్కడ మాత్రం చివరికి వచ్చేసరికి ఇంకా వేడెక్కుతుంది. ఒక్కో పొజిషన్‌లో చెస్‌కి సగటున 35 దాకా ఎత్తులు ఉంటాయంటారు, షోగికి అది సుమారు 80. డ్రాలు చాలా అరుదు.

అవతలి వైపు చివరి మూడు వరుసల్లోకి వెళ్తే పావుకి ప్రమోషన్ వస్తుంది, తిరగేస్తారు. బంటు, లాన్స్, గుర్రం, సిల్వర్ ప్రమోట్ అయితే గోల్డ్ లాగా నడుస్తాయి. గోల్డ్‌కి, రాజుకి ప్రమోషన్ లేదు.

మనవాళ్లకి ఒక మంచి గుర్తు చెప్తాను. సిల్వర్ నడక చాలామందిని కన్ఫ్యూజ్ చేస్తుంది: ముందుకి ఒక గడి, నాలుగు మూలలకి ఒక్కో గడి. 11వ శతాబ్దంలో ఇండియా గురించి రాసిన అల్ బిరూనీ, ఇక్కడి చదరంగంలో ఏనుగు సరిగ్గా ఇలాగే నడుస్తుందని వర్ణించాడు. తొండం ముందుకి, నాలుగు కాళ్లు నాలుగు మూలలకి. చతురంగం నుంచి మన "చదరంగం" అనే మాట వచ్చింది, అదే చతురంగం వంశంలో షోగి కూడా పుట్టింది. సిల్వర్‌ని చూడగానే ఏనుగు అనుకోండి, ఇక మర్చిపోరు.

ఏదైనా కొనేముందు ఈ ఐదు చెక్ చేయండి

1. నొటేషన్ మీ యాప్‌తో మ్యాచ్ అవుతుందా?

షోగిలో నిలువు వరుసలకి నంబర్లు కుడి నుంచి ఎడమకి వెళ్తాయి. అడ్డు వరుసలు పై నుంచి కిందికి. పాత ఇంగ్లిష్ పుస్తకాల్లో అడ్డు వరుసలకి అక్షరాలు వాడారు. అంటే ఏడో నిలువు వరుస, ఆరో అడ్డు వరుసలోకి బంటు వెళ్తే పి-7ఎఫ్ అని రాస్తారు. కొత్త మెటీరియల్‌లో, 81 డోజో లాంటి సైట్లలో అదే ఎత్తుని రెండు అంకెలతో పి-76 అంటారు. జపనీస్ పుస్తకాల్లో మొదటిది మామూలు అంకె, రెండోది జపనీస్ అంకె. మూడూ ఒకటే, కానీ పుస్తకం ఒకలా, యాప్ ఒకలా ఉంటే ప్రతి ఎత్తుకీ మనసులో కన్వర్షన్ చేయాల్సి వస్తుంది. మొదటి నెలలో ఈ తలనొప్పి అక్కర్లేదు. యాప్ సెట్టింగ్స్‌లో నొటేషన్ మార్చుకునే ఆప్షన్ ఉంటే, పుస్తకానికి తగ్గట్టు మార్చేయండి.

2. తప్పు ఎత్తు ఎందుకు తప్పో చెప్తుందా?

ఇది చాలా ముఖ్యం. ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. అవతలి రాజు 51లో ఉన్నాడు, అంటే మధ్య నిలువు వరుసలో అన్నిటికంటే పై గడి. మీ బంటు 53లో ఉంది. మీ చేతిలో ఒక గోల్డ్ ఉంది. ఏం చేస్తారు?

గోల్డ్‌ని 52లో, రాజు నెత్తిమీద దించండి. ఆటకట్టు. గోల్డ్ ముందుకి, ముందు రెండు మూలలకి, రెండు పక్కలకి, వెనక్కి నేరుగా కొడుతుంది. కాబట్టి 61, 41, 62, 42 నాలుగూ మూసుకుపోయాయి. గోల్డ్‌ని చంపుదామంటే వెనక 53లో బంటు కాపలా ఉంది.

ఇప్పుడు గోల్డ్ బదులు సిల్వర్ ఉందనుకోండి. అదే 52లో దించితే చెక్ అవుతుంది కానీ ఆటకట్టు కాదు. ఏనుగుకి పక్కలకి నడక లేదు కదా, రాజు 62కో 42కో జారుకుంటాడు. గోల్డ్‌ని చివరి దెబ్బకి దాచుకోమని షోగి పెద్దవాళ్లు చెప్పేది ఇందుకే.

మరి చేతిలో ఉన్నది బంటు అయితే? 52లో దించడానికే లేదు. ప్రమోట్ కాని మీ బంటు ఉన్న నిలువు వరుసలో ఇంకో బంటుని దించకూడదు. దీన్ని నిఫు అంటారు, దించితే ఆట అక్కడికక్కడే ఓడిపోయినట్టు. 53లో బంటు కాకుండా వేరే పావు ఉన్నా సరే, బంటుని దించి నేరుగా ఆటకట్టు చేయడం కూడా నిషేధం.

మంచి పుస్తకం ఈ మూడు కేసులూ చెప్తుంది. మామూలు పుస్తకం "జవాబు: గోల్డ్ 52" అని రాసి వదిలేస్తుంది. పరీక్షల ముందు రాత్రి ఆల్ ఇన్ వన్ తిరగేసి పాసైన బ్యాచ్ మనం, జవాబు బట్టీ పట్టడం మనకి కొత్త కాదు. కానీ షోగిలో రేపు ఆ బంటు ఒక గడి పక్కన ఉంటే బట్టీ పట్టిన జవాబు పనికిరాదు. కొనేముందు శాంపిల్ పేజీలు తెరిచి, ఫెయిల్ అయ్యే ఎత్తుల గురించి ఒక్క వాక్యమైనా ఉందో లేదో చూడండి.

3. డయాగ్రమ్‌లు మీరు చదవగలరా?

పుస్తకాల్లో పావుల మీద ఒకే ఒక్క కంజి అక్షరం ఉంటుంది. జపనీస్ రాకపోయినా పర్లేదు, నేర్చుకోవాల్సినవి పావులకి, వాటి ప్రమోటెడ్ రూపాలకి కలిపి పదిహేను లోపే. ఒక వారం పని. తెలుగులో మ, య తేడా నేర్చుకున్న బుర్రకి ఇదేం కష్టం కాదు. సిల్వర్ అక్షరంలో ఎడమ సగం గోల్డ్ అక్షరమే, కుడివైపు ఇంకో ముక్క చేరుతుంది. ఆ ముక్క ఉంటే వెండి, లేకపోతే బంగారం.

బొమ్మల పావుల సెట్ 81 డోజోలో, లిషోగిలో ఉంది. మొదటి వారం అది వాడండి. తర్వాత మాత్రం కంజికి మారిపోండి. ఎందుకంటే నిజంగా మంచి మెటీరియల్‌లో ఎక్కువ భాగం కంజి డయాగ్రమ్‌లతోనే ఉంది. బొమ్మలకి అలవాటు పడిపోతే ఆ తలుపు మూసుకుపోతుంది.

4. ఏ సంవత్సరం పుస్తకం?

ఆటకట్టు సమస్యలు పాతబడవు. 1980ల్లో రాసిన మూడెత్తుల సమస్య ఈరోజుకీ మూడెత్తులే. ఓపెనింగ్ పుస్తకాలు మాత్రం పాతబడతాయి. కంప్యూటర్లు ప్రొఫెషనల్స్‌ని దాటాక ఓపెనింగ్స్ బాగా మారాయి. యాగురా అనే క్లాసిక్ కోట కథ ముగిసిందని 2017లో ఒక యువ ప్రొఫెషనల్ అన్న మాట జపాన్‌లో పెద్ద చర్చ అయ్యింది. తర్వాత అదే యాగురా కొత్త రూపంలో తిరిగొచ్చింది. మన భాషలో చెప్పాలంటే ఆటకట్టు సమస్యలు డేటా స్ట్రక్చర్స్ లాంటివి, ఓపెనింగ్స్ జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్‌ల లాంటివి. డబ్బు మొదటిదాని మీద పెట్టండి.

5. మీ స్క్రీన్ మీద సరిపోతుందా?

జపనీస్ షోగి ఈబుక్స్ చాలావరకు ఫిక్స్‌డ్ లేఅవుట్. అంటే పేజీ మొత్తం ఒక ఫొటో లాంటిది, ఫాంట్ పెంచలేరు, సెర్చ్ చేయలేరు. ఆరు అంగుళాల ఈ-రీడర్‌లో డయాగ్రమ్ చదవడానికి కళ్లు చిట్లించాల్సిందే. 10 లేదా 11 అంగుళాల టాబ్లెట్ అయితే హాయిగా ఉంటుంది. దీనికి ఫ్లాగ్‌షిప్ అక్కర్లేదు, బడ్జెట్ టాబ్లెట్ చాలు, రిఫ్రెష్ రేట్ గురించి మర్చిపోండి. ఇక కెమెరా ట్రాన్స్‌లేషన్ మీద ఎక్కువ ఆశలు పెట్టుకోకండి. పేరాల వరకు కొంత సాయం చేస్తుంది. డయాగ్రమ్ మీద పెడితే గోల్డ్‌ని డబ్బు అని, బంటుని నడక అని, లాన్స్‌ని సువాసన అని చూపిస్తుంది!

స్టేజ్ ప్రకారం నా సెలెక్షన్

స్టేజ్ 0: దోబుత్సు షోగి

ఇది 3 బై 4 బోర్డు మీద ఆడే పిల్లల షోగి. ఒక్కొక్కరికి నాలుగే పావులు: సింహం, ఏనుగు, జిరాఫీ, కోడిపిల్ల. మహిళా ప్రొఫెషనల్ మడోకా కిటావో 2008లో దీని రూల్స్ తయారు చేసింది. డ్రాప్ అనే కాన్సెప్ట్ ఒంటబట్టడానికి దీన్ని మించింది లేదు. పిల్లల ఆటే కదా అని తీసిపారేయకండి. దీన్ని కంప్యూటర్‌తో పూర్తిగా సాల్వ్ చేస్తే, ఇద్దరూ బెస్ట్‌గా ఆడితే రెండో ఆటగాడు 78 ఎత్తుల్లో గెలుస్తాడని 2009లో తేలింది. అట్టముక్కల మీద గీసుకుని ఇంట్లో తమ్ముడితోనో చెల్లితోనో ఆడొచ్చు. ఖర్చు సున్నా.

స్టేజ్ 1: రూల్స్

దీనికి పుస్తకం కొనకండి. టొమొహిదే కవాసాకి హిడెచ్చి అనే పేరుతో యూట్యూబ్‌లో ఇంగ్లిష్ పాఠాలు పెట్టాడు. 81 డోజో సైట్ తయారు చేసింది కూడా ఆయనే. వీడియో క్వాలిటీ పాతది, పాఠం మాత్రం సూటిగా ఉంటుంది. పక్కన లిషోగి ఓపెన్ చేసి అందులోని లెసన్స్ పూర్తి చేయండి. లిషోగి ఉచితం, ఓపెన్ సోర్స్, లిచెస్ కోడ్ మీద కట్టారు. కాబట్టి లిచెస్ వాడినవాళ్లకి ఇల్లు మారినట్టు కూడా అనిపించదు.

స్టేజ్ 2: త్సుమె షోగి

త్సుమె అంటే ఆటకట్టు సమస్యలు. రూల్ సింపుల్: దాడి చేసేవాడి ప్రతి ఎత్తూ చెక్ అవ్వాలి. చెస్ వాళ్లకి ఒక హెచ్చరిక. షోగిలో ఇద్దరి ఎత్తులూ విడివిడిగా లెక్కపెడతారు. మూడెత్తుల ఆటకట్టు అంటే నేను, వాడు, నేను. చెస్‌లో దాన్నే మేట్ ఇన్ టూ అంటాం.

నేను డబ్బు పెట్టి కొనమని గట్టిగా చెప్పేది ఈ స్టేజ్‌లోనే. ప్రొఫెషనల్ మసాహికో ఉరానో రాసిన హ్యాండ్‌బుక్ సిరీస్ ఉంది: ఒక ఎత్తు, మూడెత్తులు, ఐదెత్తులు, ఏడెత్తులు, ఇలా విడి పుస్తకాలు. జపనీస్‌లోనే ఉన్నా డయాగ్రమ్‌లే ఎక్కువ కాబట్టి భాష అడ్డు కాదు. ముందు ఒక ఎత్తుది, తర్వాత మూడెత్తులది తీసుకోండి. నాలుగూ ఒకేసారి కొనకండి. ఏడెత్తుల పుస్తకం షెల్ఫ్‌లో ఉంటే అందంగా ఉంటుంది, అంతే.

దీని విలువ మీద డౌట్ ఉంటే సోటా ఫుజీ సంగతి చూడండి. 2002లో పుట్టాడు. 2015లో, 12 ఏళ్ల వయసులో, ప్రొఫెషనల్స్ కూడా పాల్గొనే త్సుమె సాల్వింగ్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. మరుసటి ఏడాది 14 ఏళ్లకి ప్రొఫెషనల్ అయ్యాడు. 2017లో వరుసగా 29 ఆటలు గెలిచాడు. 2023 అక్టోబర్‌లో ఎనిమిది టైటిల్స్ ఒకేసారి అతని చేతిలో ఉన్నాయి.

స్టేజ్ 3: కోటలు, ఓపెనింగ్స్

ఇక్కడ ఇంగ్లిష్ పుస్తకాలు పనికొస్తాయి. టోనీ హోస్కింగ్ రాసిన ది ఆర్ట్ ఆఫ్ షోగి 1997లో వచ్చింది. ఒకే పుస్తకం కొంటాను అనేవాళ్లకి ఇదే నా సలహా. నొటేషన్ పాత పద్ధతి, గుర్తుంచుకోండి. తెరుయిచి ఆనో రాసిన బెటర్ మూవ్స్ ఫర్ బెటర్ షోగి 1983 నాటిది. జపనీస్, ఇంగ్లిష్ రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి షోగి జపనీస్ నేర్చుకోవడానికి బోనస్. ఆయనదే గైడ్ టు షోగి ఓపెనింగ్స్ కూడా ఉంది. కానీ పైన చెప్పిన నాలుగో పాయింట్ ప్రకారం, ఐడియాల కోసం చదవండి, లేటెస్ట్ థియరీ కోసం కాదు. కిటావో రాసిన ఎండింగ్ ఎటాక్ టెక్నిక్స్ ఇంగ్లిష్‌లో ఉంది. త్సుమె తర్వాత ఇది చదివితే ఆ ప్యాటర్న్‌లు అసలు ఆటలో ఎలా వస్తాయో అర్థమవుతుంది.

ఓపెనింగ్ మాత్రం ఒక్కటే పట్టుకోండి. రూక్‌ని దాని చోటే ఉంచి సిల్వర్‌ని ముందుకి తోసే బోగిన్, లేదా రూక్‌ని నాలుగో వరుసకి జరిపి మినో కోట కట్టుకునే పద్ధతి. రెండిట్లో ఏదో ఒకటి. వంద ఆటల వరకు మార్చకండి.

ట్రెవర్ లెగెట్ 1966లో రాసిన షోగి: జపాన్స్ గేమ్ ఆఫ్ స్ట్రాటజీ కూడా మీకు తగలొచ్చు. ఈయన జూడో గురువు, శంకరాచార్యుల యోగసూత్ర భాష్యాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చిన మనిషి కూడా. చదవడానికి ఆసక్తిగా ఉంటుంది, కానీ మొదటి పుస్తకంగా వద్దు.

స్టేజ్ 4: ఆడటం

81 డోజోలో ఆడండి. టైమింగ్ చూసుకోండి. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందు. మనం డిన్నర్ చేసి తొమ్మిదింటికి కూర్చుంటే అక్కడ అర్ధరాత్రి దాటి పన్నెండున్నర. జపాన్ వాళ్లతో ఆడాలంటే సాయంత్రం ఐదు నుంచి ఏడు మధ్య, లేదా వీకెండ్ పొద్దున బెటర్. రాత్రి తొమ్మిదికి యూరప్ వాళ్లు దొరుకుతారు, వాళ్లకి అది సాయంత్రం. జపాన్ వాళ్లు ఎక్కువగా వాడే షోగి వార్స్ యాప్‌లో రోజుకి మూడు ఆటలు ఉచితం. పది నిమిషాల క్లాక్‌తో మొదలుపెట్టండి, పది సెకన్ల మోడ్ జోలికి వెళ్లకండి.

బలమైనవాళ్లు దొరికితే హ్యాండిక్యాప్ అడగడానికి మొహమాటపడకండి. షోగిలో అది అవమానం కాదు, పాఠం చెప్పే పద్ధతి. పెద్ద ఆటగాడు తన రూక్, బిషప్, లాన్స్‌లు, గుర్రాలు మొత్తం ఆరు పావులు తీసేసి ఆడతాడు. మీరు గెలిచే కొద్దీ ఆ పావులు ఒక్కొక్కటిగా తిరిగి బోర్డు మీదికి వస్తాయి. మీ ప్రోగ్రెస్ బార్ అదే.

ఇంజిన్ ఎప్పుడు ఆన్ చేయాలి?

మన రీడర్లకి ఇష్టమైన పార్ట్ ఇది. 2017లో పొనాంజా అనే ప్రోగ్రామ్ అప్పటి మెయిజిన్ అమాహికో సాతోని 2-0తో ఓడించింది. అదే ఏడాది చివర్లో ఆల్ఫాజీరో వచ్చింది. 2018లో యు నాసు అనే జపాన్ ప్రోగ్రామర్ షోగి కోసం ఎన్ఎన్‌యూఈ అనే న్యూరల్ నెట్‌వర్క్ డిజైన్ చేశాడు. జీపీయూ లేకుండా మామూలు సీపీయూ మీద వేగంగా పరిగెత్తడం దాని గొప్పతనం. 2020లో చెస్ ఇంజిన్ స్టాక్‌ఫిష్ దాన్నే తీసుకుంది. ఈరోజు మీ ఫోన్‌లో చెస్ అనాలిసిస్ అంత బలంగా ఉందంటే దాంట్లో షోగి వాళ్ల చేయి ఉంది.

షోగికి యనెఉరాఓ అనే ఓపెన్ సోర్స్ ఇంజిన్ ఉంది. లిషోగిలో బ్రౌజర్‌లోనే అనాలిసిస్ చేసుకోవచ్చు. యూఎస్ఐ ప్రోటోకాల్ చెస్‌లోని యూసీఐ నుంచి వచ్చిందే కాబట్టి, వీకెండ్‌లో స్క్రిప్ట్ రాసి ఆడుకోవడానికీ బాగుంటుంది. ఫుజీ కూడా తన పీసీ తనే అసెంబుల్ చేసుకుంటాడు. 64 కోర్ల రైజెన్ థ్రెడ్‌రిప్పర్ వాడాడని విని హార్డ్‌వేర్ అభిమానులు పండగ చేసుకున్నారు.

కానీ ఆర్డర్ గమనించండి. అతను ముందు వేల త్సుమెలు బుర్రతో సాల్వ్ చేసి, ఆ తర్వాత థ్రెడ్‌రిప్పర్ దగ్గరికి వచ్చాడు. మనం రివర్స్‌లో వెళ్తాం. ఆట అవ్వగానే ఇంజిన్ ఆన్ చేస్తాం, బార్ ఎక్కడ పడిందో చూస్తాం, "ఓహో" అనుకుని క్లోజ్ చేస్తాం. ఇంజిన్ ఏ ఎత్తు బెస్ట్ అని చెప్తుంది, ఎందుకు అని చెప్పదు. నా రూల్ ఇది: ఓడిన ప్రతి ఆటలో "ఇక్కడే పోయింది" అనిపించిన ఒక్క ఎత్తుని, ఎందుకో ఒక వాక్యంతో సహా నోట్స్‌లో రాయాలి. రాసిన తర్వాతే ఇంజిన్.

మన ఆఫీసుల్లో కూడా ఇప్పుడు ఇదే కథ కదా. కోడ్ ఏఐ రాసిపెడుతోంది, రివ్యూ మనం చేయాలి. తప్పు ఎక్కడుందో పట్టుకునే బుర్ర మనకి లేకపోతే ఆ రివ్యూకి అర్థం లేదు. మెషిన్ గెలిచేసిన ఆట ఇప్పుడెందుకు నేర్చుకోవాలి అని అడిగేవాళ్లకి నా జవాబు ఇదే. ఎవరూ జవాబు చెప్పని చోట ఐదు నిమిషాలు ఒకే పొజిషన్ వైపు చూస్తూ కూర్చోగలగడం. ఆ కండరం వాడకపోతే కరిగిపోతుంది.

30 రోజుల ప్లాన్

1 నుంచి 7 రోజులు: దోబుత్సు షోగి, హిడెచ్చి వీడియోలు, లిషోగి లెసన్స్. పావులు బొమ్మలవే.

8 నుంచి 14: కంజి పావులకి మారండి. రోజుకి పది ఒక్కెత్తు త్సుమెలు. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి రాయదుర్గం వెళ్లేవాళ్లయితే దుర్గం చెరువు స్టేషన్ వచ్చేలోపు అయిపోతాయి. సొంతంగా బండి నడిపేవాళ్లు దయచేసి సిగ్నల్ దగ్గర ట్రై చేయకండి!

15 నుంచి 21: ఒక కోట, ఒక ఓపెనింగ్. వీకెండ్‌లో ఐదు ఆటలు. ఓడిపోతారు, మామూలే.

22 నుంచి 30: మూడెత్తుల త్సుమెలు రోజుకి ఐదు. వారానికి ఆరు ఆటలు, ఒక్కో ఓటమికి ఒక్కో వాక్యం. ఇంజిన్ చివరి మూడు రోజుల్లో మాత్రమే.

ఆన్-కాల్ వారం వస్తే ఆటలు ఆపేయండి, త్సుమె మాత్రం ఆపకండి. రెండు నిమిషాల్లో ఒక సమస్య అయిపోతుంది.

ఎవరికి ఏది?

ఖర్చు పెట్టకూడదు అనుకుంటే: హిడెచ్చి, లిషోగి, 81 డోజో. మూడు నెలల వరకు ఇంకేం అక్కర్లేదు.

ఒకే ఒక్కటి కొంటాను అంటే: ఉరానో మూడెత్తుల హ్యాండ్‌బుక్. బయటి నుంచి తెప్పించేటప్పుడు షిప్పింగ్ పుస్తకం ధరని దాటేయొచ్చు, అందుకని ముందు ఈబుక్ దొరుకుతుందేమో చూడండి.

ఇంగ్లిష్‌లో వివరంగా కావాలంటే: ది ఆర్ట్ ఆఫ్ షోగి, దాని తర్వాత ఎండింగ్ ఎటాక్ టెక్నిక్స్.

చెస్‌లో ఇప్పటికే బలంగా ఉన్నవాళ్లు: స్టేజ్ 1 ఒక్క రోజులో ముగించి, టైమ్ మొత్తం స్టేజ్ 2 మీద పెట్టండి. లెక్కపెట్టే అలవాటు పనికొస్తుంది, చంపిన పావుని మర్చిపోయే అలవాటు మాత్రం వదులుకోవాలి. షోగి దిగ్గజం యోషిహారు హబు చెస్‌లో ఫిడె మాస్టర్. అమెరికన్ చెస్ గ్రాండ్‌మాస్టర్ లారీ కాఫ్‌మన్ షోగిలో అమెచ్యూర్ 5-దాన్. రెండు పడవల ప్రయాణం ఇక్కడ కుదురుతుంది.

టెలిగ్రామ్‌లో దొరికే 200 పుస్తకాల జిప్ ఫైల్: స్కిప్. అమీర్‌పేట జిరాక్స్ మెటీరియల్ కట్టలు కట్టలుగా మోసుకొచ్చి, ఎన్ని తెరిచామో మనకి తెలుసు. పైగా ఇంగ్లిష్‌లో షోగి పుస్తకాలు వేసేది చిన్న చిన్న సంస్థలు. మనం కొన్న ఒక్కో కాపీ వల్లే ఇంకో పుస్తకం వస్తుంది.

ఈరోజు రాత్రి ఒక్క పని చేయండి. కాగితం మీద 51లో రాజు, 53లో బంటు గీయండి. చేతిలో గోల్డ్ ఉంటే, సిల్వర్ ఉంటే, బంటు ఉంటే ఏమవుతుందో పైకి చూడకుండా మీరే ఎవరికైనా వివరించండి. చెప్పగలిగితే మీ మొదటి పాఠం అయిపోయినట్టే.